గేటు లోపలి చదువు: అప్రెంటిస్ ఏడాదీ కులమూ

మన పిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా సీటు గురించే మాట్లాడతాం. సీటు కోసం కొట్లాడాం. హాస్టల్ కోసం, మెస్ ఛార్జీల కోసం, స్కాలర్‌షిప్ కోసం కలెక్టరాఫీసుల ముందు కూర్చున్నాం. ఇవన్నీ అవసరమైన పోరాటాలే, కాదనం. కానీ ఇవి కాలేజీ గేటు దాకా జరిగిన పోరాటాలు. సాంకేతిక విద్యకు ఇంకో గేటు ఉంది. అది ఫ్యాక్టరీ గేటు. ఐటీఐ పిల్లవాడైనా, పాలిటెక్నిక్ పిల్లయినా, ఇంజనీరింగ్ పట్టభద్రుడైనా ఆ గేటు లోపల ఆరు నెలలో ఏడాదో గడిపితేనే చేతికి పని వస్తుంది. దాన్ని అప్రెంటిస్‌షిప్ అన్నారు, ఇండస్ట్రియల్ ట్రైనింగ్ అన్నారు, ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. పేరు ఏదైనా, పుస్తకంలో లేని విద్య దొరికేది అక్కడే. ఆ విద్య ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు, ఎందుకు దొరకలేదు అన్నదే ఈ వ్యాసంలో చూడదలచుకున్నది.

పుట్టుకతో వచ్చిన అప్రెంటిస్

అప్రెంటిస్ అంటే ఏంటి? పని తెలిసినవాడి దగ్గర, పని చేస్తూ, పని నేర్చుకునేవాడు. యూరప్‌లో ఈ పద్ధతి పాతది. ఇంగ్లండ్‌లో 1563లో చేసిన చట్టం ప్రకారం చేతివృత్తి చేపట్టాలంటే ఏడేళ్ళు యజమాని దగ్గర నేర్చుకోవాలి. ఆ నిబంధనలు 1814లో రద్దయ్యే దాకా నడిచాయి. అక్కడ దోపిడీ లేదని కాదు. పిల్లల్ని గొడ్డుచాకిరీ చేయించారు. కానీ ఒక తేడా ఉంది. చెప్పులు కుట్టేవాడి కొడుకు గడియారాలు చేసేవాడి దగ్గర ఒప్పందం రాసుకుని చేరే వీలుంది. వృత్తి మారే దారి, ఇరుకైనదే కావచ్చు, ఉంది.

మన ఊళ్ళో ఆ దారి లేదు. కమ్మరి కొడుకు కొలిమి దగ్గర, వడ్రంగి కొడుకు బాడిస దగ్గర, మాదిగ కొడుకు లంద దగ్గర నేర్చుకున్నారు. ఊరు నిండా అప్రెంటిస్‌లే. అయితే ఎవడి ఉస్తాదు ఎవరో పుట్టక ముందే రాసిపెట్టి ఉంది. కులం అంటే శ్రమను విభజించడం మాత్రమే కాదు, శ్రమ చేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విభజించడం అని అంబేడ్కర్ 1936లో కులనిర్మూలన గురించి రాస్తూ చెప్పింది ఇదే. విద్య ఒక కులం గోడ దాటి ఇంకో కులంలోకి పోకుండా కాపలా కాసిన వ్యవస్థ ఇది.

దీనికి తోలు పని చరిత్రే పెద్ద సాక్ష్యం. మాదిగ గూడెంలో పచ్చి తోలును సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీయడం, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్ళలో వారాల తరబడి ఊనబెట్టడం, ఏ దశలో తీయాలో చేత్తో పట్టి చూసి చెప్పడం, ఇదంతా రసాయన శాస్త్రమే. కాగితం మీద రాయని రసాయన శాస్త్రం. 20వ శతాబ్దం మొదట్లో మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోమ్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1915లో మద్రాసులోనే తోళ్ళ పరిశ్రమకు శిక్షణ సంస్థ వచ్చింది. 1948లో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ అక్కడే ఏర్పడింది. అంటే లందలో ఉన్న పని లేబొరేటరీకి చేరింది. పని చేరింది గానీ పనివాడికి అదే వేగంతో దారి దొరకలేదు. పని గూడెంలో ఉన్నన్నాళ్ళూ అంటరానిది, డిప్లొమా వచ్చాక టెక్నాలజీ. వాసన అదే, తోలూ అదే. మారింది సర్టిఫికెట్ ఎవరి చేతిలో ఉందన్నదే.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ప్రాథమిక విద్యలో ఒక మార్పు తెచ్చాడు. గ్రామాల్లో పిల్లలు సగం పూట బడికి రావాలి, మిగతా పూట ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. ఆ పథకం మొదలైన నాటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పెరియార్, ద్రావిడ ఉద్యమం దీన్ని కుల విద్య అని పేరు పెట్టి ఎదిరించారు. 1954లో రాజాజీ దిగిపోవాల్సి వచ్చింది, కామరాజ్ ఆ పథకాన్ని తీసేశాడు. పనితో కలిపిన చదువు మంచిదే అని చెప్పే పెద్దలు ఈ ఘట్టాన్ని మర్చిపోతుంటారు. పని నేర్పడం తప్పు కాదు. ఎవరి పని ఎవరికి నేర్పుతారన్నదే ప్రశ్న. ప్లీడరు కొడుక్కి ప్లీడరీ, పాకీ పని చేసే తల్లి బిడ్డకి పాకీ పని నేర్పితే దాన్ని చదువు అనరు.

నోటితో దారం

ఫ్యాక్టరీ వస్తే కులం పోతుందని చాలామంది నమ్మారు. మిషన్‌కి కులం ఏముంది అన్నారు. బొంబాయి బట్టల మిల్లులు దీనికి జవాబు చెప్పాయి. ఆ మిల్లుల్లో ఎక్కువ కూలి దొరికేది నేత ఖాతాలో. దళిత కార్మికులకు వడికే ఖాతాలో చోటు ఉండేది గానీ నేత ఖాతాలో లేదు. ఎందుకంటే, నాడెలో దారం అయిపోయినప్పుడు కొత్త దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ఒకడి ఎంగిలి తగిలిన నాడెను ఇంకొకడు ముట్టుకోవాలి. దళితుడి ఎంగిలి తాకుతుందని సవర్ణ కార్మికులు ఒప్పుకోలేదు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ విషయం లేవనెత్తాడు. యజమాని మీద కొట్లాడే యూనియన్ తన లోపలి అంటరానితనం మీద ఎందుకు కొట్లాడదు అన్నదే ఆయన ప్రశ్న.

గమనించాల్సిందేమంటే, ఇక్కడ దళితుణ్ణి మిల్లు గేటు దగ్గర ఆపలేదు. గేటు లోపల, ఖాతాకీ ఖాతాకీ మధ్య ఆపారు. పని నేర్చుకునే చోట ఆపారు. పక్కన నిలబడి చూసి, చెయ్యి పెట్టి నేర్చుకుంటేనే వచ్చే విద్యకి అడ్డం వేశారు. ఆ తర్వాత వీళ్ళకి నేత రాదు అన్నారు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన దళిత రైల్వే కార్మికుల సభలో కూడా అంబేడ్కర్ ఇదే వరసలో మాట్లాడాడు. కార్మికులకి బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులే అని ఆయన చెప్పింది ఆ సభలోనే. దానికి ఆయన చూపించిన ఉదాహరణలు చాలా మామూలువి. దళితుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముసలివాడైపోతాడు. పోర్టరు కాలేడు. ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టర్ ఇంట్లో కూడా పని చేయాలి, ఆ ఇంటి గడప దళితుడు దాటకూడదు. పైమెట్టు ఎక్కడానికి కావలసింది నైపుణ్యమని చెప్తారు, అసలు అడ్డం వంటింట్లో ఉంది.

అదే రైల్వేల్లో పైస్థాయి శిక్షణ వేరే దారిన నడిచింది. జమాల్‌పూర్ వర్క్‌షాపు 1862లో మొదలైంది. 1927 నుంచి అక్కడ స్పెషల్ క్లాస్ అప్రెంటిస్‌ల పేరుతో కాబోయే అధికారుల్ని తయారు చేశారు. ఒకే సంస్థలో అప్రెంటిస్ అన్న ఒకే మాటకి రెండు అర్థాలు. ఒకడు అధికారి కావడానికి అప్రెంటిస్, ఇంకొకడు సుత్తి పట్టుకోవడానికి అప్రెంటిస్. ఇంజనీరు, పనివాడు అన్న ఈ విభజన మన దేశంలో కులానికి సరిగ్గా అతికింది. 1916-18 నాటి పారిశ్రామిక కమిషన్ చదువుకున్న భారతీయులకి చేతిపని అంటే ఏవగింపు ఉందని ఆలోచనలో పడింది. ఏ భారతీయులకి? చేతిపని చేసి బతికే కులాలకి ఆ ఏవగింపు లేదు. వాళ్ళకి లేనిది చదువు.

1942 విజ్ఞాపన

1942లో అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యాడు. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ప్రభుత్వానికి ఒక విజ్ఞాపన ఇచ్చాడు. ఉద్యోగాల్లో వాటా గురించి అందులో ఉన్నది మనవాళ్ళు చెప్పుకుంటారు. చదువు గురించి ఉన్నది అంతగా చెప్పుకోరు. ఆర్ట్స్, లా చదువులతో ఎక్కువ లాభం లేదు, సైన్సులో, టెక్నాలజీలో ఉన్నత విద్య కావాలి, అది ఖరీదైనది కాబట్టి ఖర్చు ప్రభుత్వం పెట్టాలి అన్నాడాయన. విదేశీ చదువుకి కూడా సాయం అడిగాడు. దాంతో పాటే, ప్రభుత్వ ప్రింటింగ్ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలని అడిగాడు.

ఈ చివరి కోరిక దగ్గర ఆగి ఆలోచించాలి. కొలంబియాలో, లండన్‌లో చదివిన మనిషి, రెండు డాక్టరేట్లు ఉన్న మనిషి, ప్రెస్సులో అప్రెంటిస్ చోటు గురించి ప్రభుత్వానికి రాశాడు. చదువు ఒక్కటే చాలదు, పని నేర్చుకునే చోటు కూడా హక్కుగా రావాలని ఆయనకి తెలుసు. 1943లో ఉద్యోగాల్లో 8.33 శాతం రిజర్వేషన్ ఉత్తర్వు, 1944లో మెట్రిక్ తర్వాతి చదువుకి స్కాలర్‌షిప్పులు వచ్చాయి. అవి అమల్లోకి వచ్చి పెరిగాయి. అప్రెంటిస్ చోటు మాత్రం చట్టంలోకి రావడానికి ఇంకో 30 ఏళ్ళు పట్టింది.

చట్టంలో ఉన్నది

1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. 1973లో దాన్ని సవరించారు. ఆ సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా వాళ్ళు కూడా చట్టం కిందికి వచ్చారు. అప్పుడే 3ఎ అనే సెక్షన్ చేరింది. దాని ప్రకారం ప్రతి యజమానీ శిక్షణ స్థానాల్లో షెడ్యూల్డ్ కులాలకి, తెగలకి చోట్లు రిజర్వు చేయాలి. ఎన్ని అన్నది ఆ రాష్ట్రంలో వాళ్ళ జనాభాని బట్టి ఉంటుంది.

ఇందులో యజమాని అంటే ప్రభుత్వం ఒక్కటే కాదు. ప్రైవేటు కంపెనీ కూడా. 2004 తర్వాత ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మీద దేశమంతా చర్చ నడిచింది. మెరిట్ చచ్చిపోతుందని పరిశ్రమాధిపతులు గోల చేశారు. కానీ శిక్షణ వరకు ప్రైవేటు కంపెనీ మీద రిజర్వేషన్ బాధ్యత 1973 నుంచీ చట్టంలో ఉంది. ఈ సంగతి మన విద్యార్థి సంఘాల్లో ఎంతమందికి తెలుసు? ఎన్ని కంపెనీల గేటు ముందు నిలబడి ఈ లెక్క అడిగాం? ఉన్న హక్కు తెలియకపోవడం కూడా దోపిడీలో భాగమే. తెలియకుండా ఉంచిన వాళ్ళున్నారు గనక.

చట్టం లోపల బొక్కలు కూడా చూడాలి. అర్హులు దొరక్కపోతే ఆ చోట్లు వేరేవాళ్ళతో నింపే వీలు నిబంధనల్లో ఉంది. దొరకలేదు అని రాయడం ఎంత తేలికో మనకి తెలుసు. అప్రెంటిస్ కార్మికుడు కాడు, ట్రైనీ మాత్రమే అని 18వ సెక్షన్ చెప్తుంది. అంటే కార్మిక చట్టాలు వర్తించవు, యూనియన్ పట్టించుకోదు. భద్రత, గాయాలకి పరిహారం లాంటి కొన్ని రక్షణలు మాత్రం ఉన్నాయి. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదని 22వ సెక్షన్. 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు కొంత ఊరట ఇచ్చింది. మిగతా అర్హతలు సమానంగా ఉంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కి బయటివాళ్ళ కంటే ప్రాధాన్యం ఇవ్వాలంది. 2014 సవరణలో ప్రతి యజమానీ తన అప్రెంటిస్‌లని తీసుకునే విధానం రాసుకోవాలన్నారు. అదే సవరణలో చట్టాన్ని ఉల్లంఘించిన యజమానికి ఉన్న జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. బాధ్యత కాగితం మీద పెరిగింది, భయం పోయింది.

ఆ ఏడాది లోపల ఏం జరుగుతుంది

చట్టం గురించి చెప్తే సరిపోదు. ఏడాది లోపల ఏం జరుగుతుందో కూడా నమోదు చేయాలి. మన చరిత్రలో ఆ నమోదు లేదు. లాగ్‌బుక్కులో ఉండేది వేరు.

నేను మెకానికల్ డిప్లొమా చేసి హైదరాబాద్ శివార్లలో ఒక కార్ఖానాలో ఏడాది అప్రెంటిస్‌గా ఉన్నాను. మండల్ గొడవలు ఇంకా చల్లారని రోజులవి. మొదటి వారం ఎవరూ కులం అడగలేదు. ఏ ఊరు అన్నారు. ఊళ్ళో ఎక్కడ అన్నారు. మీ నాన్నేం చేస్తాడు అన్నారు. ఇంటిపేరు రెండుసార్లు చెప్పించుకున్నారు. నాలుగో ప్రశ్నకి అవసరం లేకపోయింది.

మా బ్యాచ్‌లో కొందరికి రెండో నెలకే మిషన్ దొరికింది. వాళ్ళకి కంపెనీలో మేనమామో బావో ఉన్నాడు, లేదా వాళ్ళ ఊరాయన సూపర్‌వైజరు. మాలాంటి ముగ్గురికి ఇనుప రజను ఊడవడం, స్టోర్ నుంచి సామాను మోయడం, ఆకురాయితో అంచులు అరగదీయడం దొరికాయి. ఊడవడం చిన్నతనమని నేను అనడం లేదు. ప్రతి అప్రెంటిసూ ఊడవాలి. కానీ ఊడవడం కొందరికి మొదటి వారం పని, కొందరికి ఆరు నెలల పని అయితే దాన్ని శిక్షణ అనకూడదు. మైక్రోమీటర్ పాడవుతుందని మా చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. కొలవడం రానివాడికి లేత్ ఎలా ఇస్తాం అనేవాళ్ళు. బొంబాయి నేత ఖాతా తర్కమే ఇది, అరవై ఏళ్ళ తర్వాత. ఈసారి ఎంగిలి మాట ఎవరూ ఎత్తలేదు, అంతే.

నాకు పని వచ్చిందంటే ఒక ముసలి టర్నర్ వల్ల వచ్చింది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. భోజనాల గంట కొట్టాక మిషన్ ఆపకుండా పిలిచేవాడు. “రా బేటా, చెయ్యి పెట్టు. చూస్తే రాదు ఈ పని” అనేవాడు. టూల్ ఎంత లోతుకి దిగితే చప్పుడు ఎలా మారుతుందో, ఆ చప్పుడు విని ఎప్పుడు ఆపాలో ఆయన నేర్పాడు. ఏ పుస్తకంలోనూ ఆ చప్పుడు లేదు. నాకు ఆయన దొరికాడు, మిగతా ఇద్దరికీ దొరకలేదు. ఒక్క మనిషి దయ మీద నడిచేదాన్ని విధానం అనలేం. ఏడాది చివర అందరికీ ఒకే సర్టిఫికెట్ ఇచ్చారు. ఉద్యోగాలు మాత్రం ఒకేలా రాలేదు. కాగితం మీద మేమంతా సమానంగా శిక్షణ పొందినవాళ్ళమే. అందుకే ఇంటర్వ్యూలో పని రాకపోతే అది మా తెలివితక్కువ అవుతుంది. మెరిట్ తయారయ్యే చోటు కనపడకుండా పోతుంది, మెరిట్ ఒక్కటే కనపడుతుంది.

1991 తర్వాత

నూతన ఆర్థిక విధానాలు వచ్చాక ప్రభుత్వ రంగ సంస్థల్లో కొత్త ఉద్యోగాలు తగ్గిపోయాయి. రామచంద్రాపురం, బాలానగర్, లాలాగూడ లాంటి చోట్ల రిజర్వేషన్ ద్వారా మొదటి తరం దళిత టెక్నీషియన్లు తయారయ్యారు. ఆ దారి ఇరుకైంది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లో లేచాయి. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మన పిల్లలు పెద్ద ఎత్తున ఆ కాలేజీల్లోకి వెళ్ళారు. మొదటి గేటు కొంత తెరుచుకుంది. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీకి రెండో గేటు ఇంకా ఎత్తు. అక్కడ అనుభవం, ప్రాజెక్టు, రిఫరెన్సు అడుగుతారు. రిఫరెన్సు అంటే మేనమామే, ఇంగ్లీషులో.

ఇది ఊహ కాదు. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ ఒక అధ్యయనం ప్రచురించారు. 548 ఉద్యోగ ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అర్హతలు సమానం, తేడా పేరులో మాత్రమే. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే అని తేలింది. అదే ఏడాది అశ్విని దేశ్‌పాండే, కాథరీన్ న్యూమన్ ఢిల్లీ విశ్వవిద్యాలయాల నుంచి ఉద్యోగాల్లోకి వెళ్ళే విద్యార్థుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఇంటర్వ్యూల్లో కుటుంబ నేపథ్యం గురించిన ప్రశ్న ఎలా పనిచేస్తుందో అది చూపించింది. మీ నాన్నేం చేస్తాడు అన్న షాప్ ఫ్లోర్ ప్రశ్న ఏసీ గదిలోకి వచ్చింది.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్ పెద్ద మాట అయింది. 2019 నిబంధనల్లో నెల స్టైపెండ్ కనీసం పట్టభద్రులకి 9,000, డిప్లొమా వాళ్ళకి 8,000 రూపాయలుగా పెట్టారు. 2024 బడ్జెట్‌లో ఐదేళ్ళలో కోటి మందికి పెద్ద కంపెనీల్లో ఏడాది ఇంటర్న్‌షిప్ అని కేంద్రం ప్రకటించింది, నెలకి 5,000 రూపాయలు. హైదరాబాద్‌లో గది అద్దె, తిండి, బస్సు ఖర్చు లెక్క వేసుకుంటే 5,000 ఎవరికి సరిపోతుంది? ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాడికి. కూలికి పోయి కొడుకుని చదివించిన తల్లికి ఆ ఏడాది అంటే ఇంకో ఏడాది కూలి. పేద విద్యార్థి ఏడాది మధ్యలో మానేస్తే పట్టుదల లేదంటారు. లేనిది పట్టుదల కాదు, అద్దె డబ్బులు.

ఏం అడగాలి

మొదట, లెక్క అడగాలి. ప్రతి కంపెనీ ఏ ట్రేడ్‌లో ఎంతమంది అప్రెంటిస్‌లని తీసుకుంది, వాళ్ళలో దళితులు, ఆదివాసులు ఎంతమంది, ఎంతమంది ఏడాది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం ఇచ్చారు. ఈ నాలుగు అంకెలు ఏటా బయట పెట్టాలి. ప్రభుత్వ అధికారుల దగ్గరున్న కాగితాలకి 2005 సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. ఒక జిల్లాలో ఒక విద్యార్థి సంఘం ఈ పని మొదలుపెట్టినా చాలు.

రెండోది, చేరిక లెక్కతో ఆగకూడదు. ఏ మిషన్ మీద ఎన్ని గంటలు పని నేర్పారు అన్నది విద్యార్థి సంతకంతో నమోదు కావాలి. పాలిటెక్నిక్ అధ్యాపకులు ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి పిల్లల్ని పంపి మార్కులు వేసేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగాలి: నీ చెయ్యి దేని మీద పడింది? చీపురు మీదా, మిషన్ మీదా?

మూడోది, హాస్టల్ హక్కు శిక్షణ కాలానికి కూడా కొనసాగాలి. కాలేజీ సెలవులని హాస్టల్ మూసేసి, ట్రైనింగ్‌కి పొమ్మంటే పిల్ల ఎక్కడుంటుంది? ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా బలమైన ప్రశ్న. శిక్షణ మానేసిన దళిత ఆడపిల్లల్లో తెలివి తక్కువై మానేసినవాళ్ళు నాకు కనపడలేదు. రాత్రి షిఫ్టు అయ్యాక బస్సు లేక మానేసినవాళ్ళు కనపడ్డారు.

నాలుగోది మనకి మనం చెప్పుకోవాల్సింది. మొదటి తరం దళిత ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఇప్పుడు రిటైరవుతున్నారు. వాళ్ళ చేతుల్లో ముప్పై నలభై ఏళ్ళ పని ఉంది. ఏ ఖాతాలో ఎవరు నేర్పారు, ఎవరు ఆపారు అన్న జ్ఞాపకం ఉంది. దాన్ని రాసిపెట్టుకోవాలి. మన పిల్లలకి కంపెనీలో మేనమామ లేడు నిజమే. ఈ పెద్దవాళ్ళున్నారు. ఊళ్ళో జయంతి సభకి వాళ్ళని పిలిచి శాలువా కప్పి పంపిస్తున్నాం. దాని బదులు నెలకి ఒక ఆదివారం పది మంది పిల్లల ముందు కూర్చోబెడితే, ఆ పిల్లలు గేటు లోపలికి అడుగు పెట్టేటప్పటికి మైక్రోమీటర్ చదవడం వచ్చి ఉంటుంది. అప్పుడు కొలవడం రాదు కాబట్టి మిషన్ ఇవ్వం అనే మాట ఫోర్‌మన్ నోట రాదు. వచ్చినా, నిలబడి జవాబు చెప్పే పిల్ల ఎదురుగా ఉంటుంది.